నాలందా ముద్రయు మా నాయన వేలిముద్రయు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకులు కోరిరి. ఏమి వ్రాయవలెనో తోచక పాతకాగితము లుంచు రేకుపెట్టెను తెరచితిని. అందు నేను ఎనిమిదవ తరగతి చదివిననాటి ప్రగతిపత్రము దొరకినది. అంచులు పసుపువన్నె తిరిగి, మడత చోట చినుగ సిద్ధముగా నున్నది. దానిమీద మూడు గుర్తులు కలవు. మొదటిది పాఠశాలవారి గుండ్రని ఊదారంగు ముద్ర. రెండవది చక్కని అక్షరములతో వ్రాయబడి, అడ్డగీతతో కొట్టివేయబడిన యొక సంతకము. మూడవది దాని ప్రక్కన కొంచెము అలికినట్లు పడిన బొటనవ్రేలి గుర్తు. ఈ మూడు గుర్తుల కథయే నా వ్యాసము. విద్యాలయముల ముద్రలను గూర్చి నాకు తెలిసినది స్వల్పము. ఆ స్వల్పమును నేను నేర్చిన విధము మాత్రము విద్యార్థులకు చెప్పదగినదని తలచి వ్రాయుచున్నాను.

అప్పటికి శ్రీహరికోటలో రాకెట్టుల కేంద్రము లేదు. సూళ్లూరుపేట యనగా కాళంగి యొడ్డున నున్న చిన్న యూరు. చెంగాళమ్మ గుడి, మదరాసునకు పోవు రైలుబాట, వడ్లమిల్లులు, తూర్పున పులికాటు నీళ్లు, వాటిమీద వ్రాలు పక్షులు—ఇదియే మా లోకము. మా నాయన పరుల పొలమును పాలికి సేద్యము చేయువాడు. ఆయనకు వానను, ఎద్దును, గింజను చూచి లెక్కకట్టుట తెలియును గాని అక్షరము తెలియదు. నన్ను మాత్రము మిషను పాఠశాలలో చేర్చి, తాను చినిగిన పంచె కట్టియైన నాకు పుస్తకములు కొనిపెట్టెను.

మూడు నెలల కొకసారి ప్రగతిపత్రమును ఇంటికి తీసికొనిపోయి, తండ్రిచేత సంతకము చేయించుకొని రావలెను. మా నాయన సిరాలో వ్రేలు ముంచి నొక్కెడివాడు. ఒకనాడు తరగతిలో పత్రములు పంచుచుండగా, నా వెనుక కూర్చున్న బాలుడు దానిని లాగి చూచి, “వేలిముద్రల కొడుకు” అని నలుగురికి వినబడునట్లు నవ్వెను. ఆ మాట నన్ను రాత్రియంతయు నిద్రపోనీయలేదు. తరువాతి పత్రము వచ్చినప్పుడు దానిని నాయనకు చూపనేలేదు. రైలుకట్ట ప్రక్క చింతచెట్టు క్రింద కూర్చుండి, ఆయన పేరును నేనే అందముగా వ్రాసి అయ్యవారికిచ్చితిని.

మాకు చరిత్ర చెప్పు అయ్యవారే తరగతి అధ్యాపకులు. వారు పత్రమును చూచిరి; నన్ను చూచిరి; ఏమియు ననలేదు. బెత్తము కొరకు ఎదురుచూచిన నాకు ఆ మౌనము మిక్కిలి భయము గొలిపినది. సాయంకాలము గంట కొట్టినపిమ్మట పుస్తకములగదికి రమ్మనిరి. వెళ్లునప్పటికి బల్లపై నొక పెద్ద పుస్తకము తెరచియుండెను. అందొక గుండ్రని ముద్ర పటము. “ఇది ఏమో చెప్పగలవా?” అని యడిగిరి. పైభాగమున నొక చక్రము, దానికి ఇరుప్రక్కల రెండు జింకలు, క్రింద పాతకాలపు లిపిలో కొన్ని పంక్తులు కనబడినవి. నాకు తెలియదంటిని.

“ఇది నాలందా మహావిహారపు ముద్ర. మన దేశములోని ప్రాచీన విద్యాలయములలో మిక్కిలి ప్రఖ్యాతమైన దాని గుర్తు,” అని వారు చెప్ప నారంభించిరి.

క్రీస్తుశకము 5వ శతాబ్దిలో గుప్తరాజుల కాలమున నాలందా వెలసినది. 7వ శతాబ్దిలో చీనాదేశమునుండి హ్యూన్ త్సాంగ్ వచ్చి అచట శీలభద్రాచార్యులకడ చదివెను. ఆ యాత్రికుడే పిమ్మట మన ఆంధ్రదేశమునకును వచ్చి ధాన్యకటకమును దర్శించెను. నూరు గ్రామముల రాబడి ఆ విహారమునకు ఈయబడియుండెనని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. అట్టి విద్యాలయము శిథిలమై మట్టిలో కలిసిపోగా, 1915వ సంవత్సరము మొదలుకొని పురావస్తుశాఖవారు త్రవ్వించిరి. గోడలతోపాటు మట్టిముద్రలు పెక్కులు బయటపడినవి. అందు మహావిహారమువే కాక రాజులవియు, ఉద్యోగులవియు, చుట్టుపట్ల గ్రామములవియు గూడ నున్నవి. గ్రామములకు గూడ ముద్ర లుండెడివని అయ్యవారు చెప్పినప్పుడు నాకు వింతగా తోచినది.

“క్రింద నున్న వ్రాతకు, శ్రీ నాలందా మహావిహారమందలి పూజ్య భిక్షుసంఘముది అని అర్థము. ఇందు ఒక్క ఆచార్యుని పేరైన నున్నదా?” అనిరి.

లేదంటిని.

“రాజు పేరు?”

అదియు లేదు.

“ఆ చక్రము ధర్మచక్రము. బుద్ధభగవానుడు కాశీకి సమీపమున మృగదావమను జింకల వనములో ఐదుగురికి మొదటి యుపదేశము చేసెను. ఆ దినమునకు ఈ ముద్ర గుర్తు. అయినను గురువు రూపము నిందు చెక్కలేదు చూడుము. బోధకు గుర్తుగా చక్రమున్నది. వినువారికి గుర్తుగా జింకలున్నవి. కత్తి లేదు, కిరీటము లేదు. అంత పెద్ద విద్యాలయము లోకమునకు తన్ను చూపుకొనవలసివచ్చినప్పుడు, చెవులు నిక్కించిన రెండు సాధుజంతువులను చూపుకొన్నది. వినుటయే చదువునకు మొదలు గదా!”

ఈ మాటలు నేడు నాకు తెలిసినంతగా నాడు తెలియలేదు. నా మనస్సంతయు ఆ సంతకముమీదనే యుండెను. వారు దాని ప్రస్తావనయే తేక, ముద్ర వేయు విధమును చెప్పిరి. ముద్రను చెక్కువాడు రాతిలోనో లోహములోనో అక్షరములను కుడియెడమలుగా తారుమారుచేసి చెక్కవలెను. అచ్చును చూచిన అంతయు తప్పుగా కనబడును. మట్టిలో పడినప్పుడే యొప్పగును. లేఖకు గాని మూటకు గాని కట్టిన త్రాటిముడిమీద మెత్తని బంకమట్టి యుంచి దానిపై ఆ అచ్చును నొక్కుదురు. త్రాడు విప్పదలచినవాడు మట్టిని పగులగొట్టక తప్పదు. ఇనుప తాళము దొంగను ఆపుటకు. మట్టిముద్ర ఆపుటకు కాదు, దొంగతనము జరిగినదని తెలుపుటకు. అది సులభముగా పగులుటయే దాని గుణము.

పిమ్మట వారు మన తెలుగురాజుల ముద్రలను చూపిరి. 7వ శతాబ్దిలో కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన వేంగీ చాళుక్యవంశమువారు దానశాసనములను రాగిరేకులపై చెక్కించెడివారు. రేకులకు రంధ్రము చేసి, కడియము దూర్చి, ఆ కడియపు కొనలను గుండ్రని ముద్రలో అతికించెడివారు. కడియమును తెగగొట్టినగాని నడుమ నొక రేకును తీయుటకును వీలులేదు, చేర్చుటకును వీలులేదు. ఆ ముద్రలమీద నడుమ శ్రీ త్రిభువనాంకుశ అని బిరుదుండును. పైన వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, క్రింద పద్మము. నీళ్లలో మునిగిన భూమిని ఎత్తిన వరాహము భూదానపత్రముపై నుండుట యుచితమే. సూర్యచంద్రు లుండుటకు, వా రున్నంతకాలము ఈ దానము నిలుచుగాక యని యర్థము. అంకుశ మెంత చిన్నదైనను ఏనుగును లొంగదీయును. 1053వ సంవత్సరమున రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి గ్రామమును అగ్రహారముగా నిచ్చెను. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. పండితునకు దానము, పండితుని రచన, రాజుమాట—ఇవి యన్నియు కాలమునకు నిలుచునట్లు చేయునది రాగిరేకును, దానిని బంధించు ముద్రయును.

తమిళసీమలో పుదుచ్చేరి కడ బాహూరున ఒక విద్యాస్థాన ముండెడిది. 9వ శతాబ్దిలో పల్లవ నృపతుంగుని కాలమున దానికి మూడు గ్రామములు దానము చేయబడినట్లు రాగిరేకులు తెలుపుచున్నవి. పల్లవుల లాంఛనము వృషభము. ఆ పల్లవులు ఒకప్పుడు మన నెల్లూరిసీమను గూడ ఏలినవారే. మూడు గ్రామముల రైతులు పండించిన గింజలు తిని అచట విద్యార్థులు చదివిరి. “విద్యాలయపు ముద్రక్రింద ఎప్పుడును రైతు చేయి యుండును,” అని అయ్యవారు మెల్లగా ననిరి.

ఆ మాటతో నా కన్నులలో నీరు తిరిగినది. వారు పుస్తకమును మూసి నా ప్రగతిపత్రమును బల్లమీద పెట్టిరి.

“పూర్వము కూటశాసనములను గూడ పుట్టించినవారున్నారు. రాగి నిజమైనదే, అక్షరములు చక్కనివే. మాట మాత్రము అబద్ధము. పండితులు వానిని వేరుగా ఏరి పెట్టుదురు. ఇదివరకు మీ నాయన ఈ పత్రముపై వేసినది ముద్ర. నీవు వ్రాసిన దేమి?”

నేను తలవంచుకొంటిని.

“ఈ గీతను నీ చేతితోనే కొట్టుము. మీ నాయనతో చెప్పి, దీని ప్రక్కన ఆయనచేత వేయించుకొనిరమ్ము. నేను ఇంకెవరికిని చెప్పను.”

ఆ రాత్రి నేను అన్నము ముట్టలేదు. నాయన కళ్లాపిమీద మంచము వాల్చుకొని పడుకొనియుండెను. నేను పత్రమును పట్టుకొని నిలుచుండి, జరిగినదంతయు చెప్పితిని. ఆయన లేచి కూర్చుండి, లాంతరు వత్తి పెద్దది చేసెను. చాలసేపటికి అడిగిన మాట ఒక్కటే.

“నా వేలు నీకు సిగ్గయిందా, అబ్బయ్యా?”

దానికి నేనేమి చెప్పగలను? అయినదనుటకు నోరు రాలేదు. కాలేదనుట మరియొక అబద్ధము. నా మౌనమును ఆయన అర్థముచేసికొనెను. కోపపడలేదు. కొంత సేపటికి మరియొక సంగతి యెత్తెను.

“కళ్లంలో వడ్లు తూర్పారబట్టి రాశి పోస్తాం గదా. పంపకాల దాకా ఆ రాశి ఆసామిదీ కాదు, నాదీ కాదు. చెక్క మీద గుర్తు చెక్కుంటాది. దాన్ని బూడిదలో అద్ది రాశి చుట్టూ వేస్తారు. గాలికి చెదిరే బూడిదరా అది. దానికి కాపలా ఎవురు? ఇంట్లో గింజ లేని నాడు, మీ అమ్మ పస్తున్న నాడు, రాత్రంతా నేనొక్కణ్ణే ఆ రాశి పక్కన పడుకున్నా. ఒక్క పిడికెడు తీస్తే చాలు, వడ్లు జారి గుర్తు చెడిపోతాది. తియ్యలేదు. బూడిదని చూసి భయపడి కాదురా. ఆ గుర్తు వేసినప్పుడు నేనూ అక్కడే నిలబడి సరే అన్నా.”

అయ్యవారు ఒక సాయంకాలమంతయు బోధించినది మా నాయన తన కళ్లములో ఏనాడో నేర్చుకొనియుండెను. నాలందా పేరు ఆయన యెరుగడు. ముద్ర యననేమో యెరుగును.

సిరాబుడ్డి తెచ్చితిని. ఆయన తువ్వాలుతో వ్రేలు తుడుచుకొని, సిరాలో ముంచి, నొక్కబోయి ఆగెను.

“ఈ కొట్టేసిందేంది?”

“నీ పేరే, నాయనా.”

“నా పేరా?” అని పత్రమును లాంతరు దగ్గరకు జరిపి వంగి చూచెను. తన పేరు ఇంత నెమ్మదిగా చూచుకొనుట ఆయనకు అదియే మొదటిసారి కాబోలు. “చక్కగానే రాశావే. ఇంత చక్కటి రాతని అబద్ధానికెందుకు వాడావురా?” అనెను. పిమ్మట వ్రేలు నొక్కెను. చేయి కొంచెము వణకి గుర్తు అలుకుకొన్నది. ఆ పత్రమే ఇప్పుడు నా బల్లమీద నున్నది.

మరునాటినుండి రాత్రులు నాయనకు అక్షరములు నేర్పుదునంటిని. ఆయన నవ్వి సరే యనెను. పలకమీద కొన్ని దినములు దిద్దెను. నాట్లు వచ్చినవి, మానెను. తరువాత ఆయనయు అడుగలేదు, నేనును పట్టుబట్టలేదు. ఆ మానుకొనుట నా జీవితములోని రెండవ తప్పు. మొదటి తప్పును దిద్దువారు కలిగిరి. దీనిని దిద్దువారు లేకపోయిరి. ఆయన కడపటివరకు వ్రేలే వేసెను.

పెద్దవాడనైన పిమ్మట 1954వ సంవత్సరమున తిరుపతిలో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో చదివి, ఉపాధ్యాయుడనైతిని. ఏ విద్యాలయపు ముద్రను చూచినను ఆగి పరిశీలించు అలవాటు నాకు అప్పటినుండి యున్నది. అన్నిటిలో నాకు మిక్కిలి నచ్చినది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిహ్నము. 1926వ సంవత్సరమున ఆ విద్యాలయము వెలసినప్పుడు దానికి మొదటి ఉపాధ్యక్షులు మన చిత్తూరు సీమవారగు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారి సూచనలననుసరించి కౌతా రామమోహనశాస్త్రిగారు ఆ చిహ్నమును రూపొందించిరి. అందు ఉదయించు సూర్యుడు విద్యాలయము. వెడలు కిరణములు వివిధ శాస్త్రశాఖలు. ముందున్న పద్మము లక్ష్మీసరస్వతుల కిరువురకును ఆసనము. స్వస్తిక మంగళాశంస. రెండు సర్పములు జ్ఞానమును వెదకువారికిని, దానిని కాపాడువారికిని గుర్తులు. గురుశిష్యుల చదువు తేజోవంతము కావలెనను ఉపనిషత్తుల ప్రార్థన దాని సూక్తి.

నాలందా ముద్రను దీనిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. వాని నడుమ వందలయేండ్ల యెడము కలదు. అయినను రెండిటి పోలిక చక్కగా కనబడును. అచట ఆకులతో చక్రము, ఇచట కిరణములతో సూర్యుడు. అచట ఇరుప్రక్కల వినుచున్న జింకలు, ఇచట కావలియున్న సర్పములు. చదువున కీ రెండును కావలెను. మొదట జింకవలె చెవియొగ్గి వినవలెను. విన్నదానిని పిమ్మట సర్పము నిధిని కాచినట్లు కాచవలెను. నేర్చినదానిని అబద్ధమునకు వాడనీయకుండుటయే ఆ కాచుట.

ఈ కాపలా పని నాకును ఒకసారి తటస్థించినది. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్నప్పుడు, నాకు చిరకాల మిత్రుడొకడు వచ్చి, తన కుమారుని పుట్టినతేదీని రెండేండ్లు వెనుకకు జరిపి పత్రము వ్రాసి ముద్ర వేయుమని కోరెను. చిన్న పని, ఎవరికిని నష్టము లేదనెను. ఆ కుఱ్ఱవాని ఉద్యోగమునకు అది యవసరమే. ముద్ర నా బల్లసొరుగులోనే యున్నది. నాకు కళ్లములోని బూడిద గుర్తు జ్ఞప్తికి వచ్చినది. చేయలేనంటిని. ఆ మిత్రుడు మరల మా గడప త్రొక్కలేదు. దానికి నేటికిని విచారించుచునే యున్నాను. ముద్ర వేయనందులకు మాత్రము విచారింపలేదు.

ఉద్యోగము విరమించిన తరువాత నాలందాకు పోయితిని. అచటి ప్రదర్శనశాలలో అద్దముల వెనుక ఆ మట్టిముద్రలను చూచితిని. పుస్తకములోని పటమును చూచి పెద్దవని యనుకొంటిని, ఎంత చిన్నవో! చక్రమును జింకలను స్పష్టముగా గుర్తించితిని. అందరును ముద్రలోని రూపములను చూచుచుండిరి. నాకు మాత్రము ఆ మట్టిని పిసికి ముడిమీద అదిమిన వానిని గూర్చిన తలంపు వచ్చినది. వాడు పండితుడో, పనివాడో తెలియదు. మహావిహారపు పేరు ఆ మట్టిమీద పడకముందు వాని బొటనవ్రేలు పడియుండును. కొంతసేపు అచటనే నిలుచుండి, కావలివాడు తలుపులు మూయుదుమని చెప్పినపిమ్మట బయటికి వచ్చితిని.

బాలబాలికలారా! మన పాఠశాల ముద్రలో తెరచిన పుస్తకమును, వెలుగుచున్న దీపమును మీరు నిత్యము చూచుచున్నారు. దాని నొక అలంకారముగా తలపకుడు. మీరు సత్యము చెప్పుదురని, ఈ పాఠశాల మీ పక్షమున లోకమునకు చెప్పు మాట అది. అది సిరాతో వేసిన గుర్తే. నీళ్లు పడిన అలుకుకొనును. బూడిద గుర్తునకు వలెనే దానికిని మీరు తప్ప వేరు కావలి లేదు.

మీలో ఎవరి తల్లిగాని తండ్రిగాని నేటికిని వ్రేలు వేయువారైనచో, ఆ వ్రేలిని చూచి సిగ్గుపడకుడు. అట్లని నావలె ఊరకుండకుడు. ఈ సెలవులలో పలకనో కాగితమునో వారి ముందుంచి, వారి పేరు వారికి చూపుడు. నాట్లు వచ్చినవని, కోతలు వచ్చినవని మానకుడు. వారు తమ పేరు తామే వ్రాసిన కాగితమును పదిలపరచుడు. అట్టి కాగిత మొకటి నా పెట్టెలో లేదు.

— ఒక పూర్వవిద్యార్థి